కుట్టు గుచ్చుకునే పిల్ల

కాలరు ఒక చోట ఉంది, గౌను ఇంకో చోట ఉంది.

ముందు గదిలోని షాపు తెరుద్దామని వచ్చిన టైలర్ మాస్టరు కత్తిరింపు బల్ల ముందు అలాగే నిలబడిపోయాడు. రెండు రోజులు కూర్చుని మనవరాలికి తన చేత్తో కుట్టిన స్కూలు గౌను అది. రెండు కొసలూ అచ్చు గుద్దినట్టు వచ్చేలా కాలరు పెట్టాడు. ఇప్పుడా కాలరు ఎలక కొరికిన కాగితంలా పడి ఉంది. భుజాల కుట్లు విప్పేసి ఉన్నాయి. విప్పడమని పేరేగానీ, పీకేశారు.

"ఎవరు చేశారిది?"

"నేనే మామయ్యా," అంది కోడలు లోపలి గుమ్మంలోంచి. తల దువ్వుకుంటున్న దువ్వెన చేతిలోనే ఉంది. గొంతులో మాత్రం బెరుకు లేదు.

"నా కత్తెరతోనా?"

"మీ కత్తెరతోనే. వంటింటి కత్తెరకి తెగలేదు."

గౌను సంగతి తర్వాత, ముందు ఆ కత్తెర మాటకే మాస్టరుకి ఒళ్ళు మండింది. నలభై రెండేళ్ళలో ఆ కత్తెరని ఇంకొకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు ఆయన.

"పొద్దున్నే తొడిగి చూశాను," అంది కోడలు. "మెడ రక్కేసుకుంది. గీతలు పడ్డాయి, కావాలంటే చూడండి. కాలరు కోసేస్తే ఊరుకుంటుందేమో అనుకున్నాను. అప్పుడు భుజం అంది. అదీ విప్పాను. అయినా తీసి అవతల పారేసింది."

బల్ల కింద రెండు చిన్న పాదాలు కనిపిస్తున్నాయి. ఆరేళ్ళ పిచ్చుక అక్కడ కూర్చుని ఉంది. అన్నం మెతుకు మెతుకూ ఏరుకుని తింటుందని తాత పెట్టిన ముద్దుపేరు అది. ఒంటి మీద తాత పాత బనీను. ఉతికి ఉతికి దూదిలా అయిపోయి, మోకాళ్ళ కిందకి దిగింది. ఇంట్లో ఉన్నంతసేపూ దానికి అదే బట్ట.

మాస్టరు నడుం పట్టుకుని వంగాడు. "నా కుట్టు గుచ్చుకుందా నీకు? జడ్జీలూ, డాక్టర్లూ వేసుకున్నారే నా కాలర్లు! ఒక్కడైనా గుచ్చుకుందన్నాడా?"

పిచ్చుక పాదాలు లోపలికి ముడుచుకుంది.

"జడ్జీలకి గుచ్చుకోదు మామయ్యా, దీనికి గుచ్చుకుంటుంది. ఉయ్యాలమ్మ మొదటి రోజు నుంచీ చెబుతున్నది అదే కదా."

ఉయ్యాలమ్మ అంటే పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ సెంటరు నడిపే ఆవిడ. బట్ట ఒంటికి తగిలితే ఏడవడం, బొత్తాం పెట్టుకోలేకపోవడం, పెన్సిలు పట్టుకుంటే వేళ్ళు జారిపోవడం, ఇలాంటివన్నీ చూసి పిల్లలకి పనులు అలవాటు చేసే మనిషి. నెలన్నర నుంచి కోడలు వారానికి రెండుసార్లు పిచ్చుకని అక్కడికి తీసుకెళుతోంది. ఏం చేస్తార్రా అక్కడ అని ఒక రోజు మాస్టరు అడిగితే, "ఉయ్యాల ఊగుతాం, గింజల్లో చేతులు పెడతాం" అంది పిచ్చుక. దానికింత హడావుడా అని ఆ రోజే ఆవిడకి ఉయ్యాలమ్మ అని పేరు పెట్టేశాడు మాస్టరు. వెటకారంగా పెట్టిన పేరు కాస్తా ఇంట్లో స్థిరపడిపోయింది.

ఈలోగా ప్రెస్సుకి బయల్దేరుతూ కొడుకు వచ్చాడు. మెడ సాగిపోయిన పాత టీషర్టు, చేతిలో టిఫిన్ డబ్బా. బల్ల మీది కాలరుని ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకున్నాడు.

"నాన్నా, నీ కోడలికి చెప్పు. బడి వాళ్ళ ఉత్తరం వచ్చి వారమైంది. సోమవారం నుంచి పూర్తి యూనిఫాంలో వచ్చి రోజంతా కూర్చుంటేనే ఉంచుకుంటారట. లేదంటే మనల్నే పేరు తీయించుకోమన్నారు. సంతకం పెట్టాల్సిన కాగితం కూడా దాంతోనే పంపారు."

"మామయ్యా, మీ అబ్బాయికి చెప్పండి, ఆ ఉత్తరం నేనూ చదివానని. ఇవాళ శుక్రవారమే. ఇంకా రెండు రోజులున్నాయి."

"రెండు రోజుల్లో ఏం ఊడిపడుతుందో అడుగు నాన్నా."

"నేనేమన్నా పోస్టాఫీసునట్రా?" అన్నాడు మాస్టరు. "మీరు మాటలు మానేసి ఐదు రోజులైంది. మూడడుగుల దూరంలో నిలబడి నా చేత ఉత్తరాలు పంచిపెట్టిస్తున్నారు ఇద్దరూ!"

ఎవరూ నవ్వలేదు.

కొడుకు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు. "క్లాసులో అందరి ముందూ గౌను విప్పేసిందట. పిల్లలంతా నవ్వారట. ఆ నవ్వు ఇంకోసారి దాని చెవిన పడకూడదు. అంతే."

గేటు చప్పుడైంది. కోడలు కాసేపు ఆ గేటు వైపే చూసి, దువ్వెన కిటికీ మీద పెట్టింది.

"పదింటికి సెంటరుకి తీసుకెళ్ళాలి. మా కళ్ళజోళ్ళ షాపు తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి, నేను వెళ్ళకపోతే తలుపు తెరుచుకోదు. మిమ్మల్ని అడగడానికి నోరు రావడం లేదు గానీ..."

"నేను తీసుకెళతాను."

కోడలు అనుమానంగా చూసింది. "గొడవ పెట్టుకోవడానికా?"

"గొడవెందుకూ? రెండు మాటలు అడిగొస్తాను."

"మీ రెండు మాటలు నాకు తెలుసు మామయ్యా. వినడానికి ఆవిడకి ఓపికుండాలి, అంతే."

*

సెంటరు ఒక సైకిళ్ళ రిపేరు షాపు పై అంతస్తులో ఉంది. మెట్లెక్కేసరికి కోపం ఎక్కడ చల్లారిపోతుందోనని మాస్టరు అనాల్సిన మాటలన్నీ వరుసగా పేర్చుకుంటూ ఎక్కాడు. బనీను మీద వదులు లాగు తొడుక్కున్న పిచ్చుక ఆయన కంటే ముందే పైకి పరిగెత్తింది. బడికి అడుగు పడని పిల్ల ఇక్కడ రెండేసి మెట్లు దాటుతోంది. అది కూడా ఆయనకి నచ్చలేదు.

పైన పొడవాటి హాలు. నేలంతా మందపాటి చాపలు. పైకప్పు కొక్కేలకి రకరకాల ఉయ్యాలలు. ఒకటి వల, ఒకటి చెక్క, ఒకటి సంచీలా వేలాడే గుడ్డ. గోడవారగా తొట్టి నిండా గింజలు. పిల్లల ఎత్తులో ఒక తాడు, దాని మీద బట్టల క్లిప్పులు.

ఉయ్యాలమ్మకి నలభై ఏళ్ళుంటాయి. పొట్టి జుట్టు, మోకాళ్ళ దగ్గర అరిగిపోయిన ప్యాంటు. నేల మీద మోకాళ్ళతోనే నడుచుకుంటూ వచ్చి పిచ్చుక ఎదురుగా ఆగింది.

"ఇవాళ ఎలా ఉంది?"

"మెడ మండుతోంది," అంది పిచ్చుక.

"అయితే ముందు సంచీ ఉయ్యాల."

పిచ్చుక గుడ్డ సంచీలోకి దూరి ముడుచుకుంది. ఉయ్యాలమ్మ రెండు చేతులతో ఆ గుడ్డని బయటి నుంచి గట్టిగా, నెమ్మదిగా అదుముతూ ఊపింది. లోపలి నుంచి చిన్న కూనిరాగం మొదలైంది.

మాస్టరు పేర్చుకున్న మాటలు ఇక ఆపుకోలేకపోయాడు. "మా ఇంట్లో కత్తెర పట్టించింది మీరేనా?"

"కత్తెర పట్టమని చెప్పలేదండీ. లోపలి కుట్లు చూడమన్నాను," అంది ఆవిడ ఊపడం ఆపకుండా. "మీరు టైలర్ తాతగారు కదూ? మీ గురించి వారానికి రెండుసార్లు వింటాను."

"ఏమని?"

"తాతకి కోపం వస్తే నోట్లో గుండుసూదులు పెట్టుకుంటాడట."

మాస్టరు తడబడ్డాడు. ఆ మాట అబద్ధం కాదు.

"చూడమ్మా, నా కుట్టులో తప్పు లేదు," అన్నాడు చివరికి.

"లేదు."

"మరి పిల్లదా తప్పు?"

"దానిదీ కాదు."

"మరెవరిది?"

"ఎవరో ఒకరిది అవ్వాలంటారా?" అని నవ్విందావిడ. "మీ వేలికి సూది గుచ్చుకుంటే ఎంతసేపు గుర్తుంటుంది మాస్టరుగారూ?"

"సూదా? నాకసలు తెలియనే తెలియదు. వేళ్ళు మొద్దుబారిపోయాయి."

"మీ వేళ్ళు అన్నేళ్ళ సూదులకి అలవాటుపడ్డాయి. దీని మెడ ఒక దారప్పోగుకి కూడా అలవాటుపడలేదు. బట్ట తొడుక్కున్న కాసేపటికి అది ఒంటి మీద ఉందన్న సంగతే మనం మరిచిపోతాం. దీనికి ఆ మరుపు రాదు. పాఠం వింటున్నా, ఆడుకుంటున్నా, అన్నం తింటున్నా, మెడ దగ్గర ఎవరో గిల్లుతూనే ఉన్నట్టుంటుంది."

"మొండితనం కాదంటారు."

"మొండిదే. మొండిది కాబట్టే రెండేళ్ళు ఓర్చుకుని బడికెళ్ళింది."

మాస్టరు అక్కడున్న చిన్న కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే కూర్చున్నాడు.

ఉయ్యాల అయ్యాక పిచ్చుక తొట్టి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా గింజల్లో చేతులు దించింది. మొదటి వారం వేలి కొస పెట్టడానికే ఏడ్చిందట. ఆ తర్వాత బొత్తాల పలక వచ్చింది. చెక్కకి గుడ్డ బిగించి, దాని మీద బొత్తాలూ కాజాలూ కుట్టిన పలక. పిచ్చుక నాలిక కొస బయటపెట్టి మొదటి బొత్తాన్ని పట్టుకుంది. జారింది. మళ్ళీ పట్టుకుంది. కాజాలో సగం దూరి ఇరుక్కుపోయింది. పిచ్చుక పెదవి వణికింది.

మాస్టరు ఒక్క ఉదుటున లేచాడు. ఉయ్యాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "సాయం చెయ్యకండి. అదే చేసుకోవాలి."

"దానికి సాయమెవడు చేస్తాడమ్మా! ఈ కాజాలు కుట్టిందెవరు?"

"నేనే."

"బుద్ధుందా?" అనేసి, నాలిక కరుచుకుని, అయినా ఆగలేకపోయాడు. "ఇంత బిగువు కాజాలో నా చేత్తో కూడా బొత్తాం దూరదు. పైగా బొత్తాన్ని గుడ్డకి అతికించినట్టు కుట్టేశావు. కింద ఖాళీ ఉంటేగా వేళ్ళకి పట్టు దొరికేది? బొత్తానికి మెడ ఉండాలి. కుట్టేటప్పుడు కింద అగ్గిపుల్ల పెట్టి, తర్వాత పుల్ల లాగేసి, ఆ సందులో దారం నాలుగు చుట్లు చుట్టాలి. బొత్తాం పైకి లేచి నిలబడుతుంది. ఏదీ, ఇలా ఇవ్వు."

జేబులో సూదీ దారం లేకుండా మాస్టరు గడప దాటడు. పది నిమిషాల్లో రెండు బొత్తాలు ఊడదీసి కుట్టాడు, రెండు కాజాలు బ్లేడుతో కాస్త తెరిచి అంచులు కట్టాడు. పలక పిచ్చుక ముందు పెట్టాడు.

పిచ్చుక బొత్తాన్ని పట్టుకుంది. అది జారలేదు. కాజా అంచు రెండో చేత్తో పట్టుకుంది. బొత్తాం నెమ్మదిగా తల వంచి అవతలికి దూరింది.

పిచ్చుక అరవలేదు, గంతులేయలేదు. బొత్తాన్ని మళ్ళీ వెనక్కి తీసి, మళ్ళీ దూర్చింది. మళ్ళీ తీసింది. అలా ఏడుసార్లు.

"పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నాను," అంది ఉయ్యాలమ్మ మెల్లగా. "బొత్తానికి మెడ ఉండాలని ఎవరూ చెప్పలేదు నాకు."

"ఎవరినీ అడగలేదు కాబట్టి," అన్నాడు మాస్టరు. ఇప్పుడాయన గొంతులో కోపం లేదు, పనివాడి ధీమా ఉంది. "కుట్లు లోపల ఉంటే గుచ్చుకుంటాయి, అంతేగా? బయటికి తిప్పేస్తాను. మీద సన్నటి గుడ్డ పట్టీ వేస్తే అలంకారం అనుకుంటారు. ఇవాళే కుట్టేస్తాను."

"కుట్టండి. కానీ మొదటి రోజు పది నిమిషాలే. అది విప్పుతానంటే విప్పనివ్వండి. సోమవారానికి రోజంతా ఉంచుకోలేదు, అది నేను ముందే చెబుతున్నాను. నెల కావాలి. బడివాళ్ళతో మాట్లాడి ఆ నెల అడగాలి. నేనూ రాసిస్తాను."

వెళ్ళబోతుంటే ఆవిడ వెనక నుంచి పిలిచింది. "ఒక్కమాట మాస్టరుగారూ. మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నప్పుడు ఇలా ఉండేదా? ఒక్కోసారి ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుంది."

"మా ఇంట్లోనా? ఛ, లేదు," అన్నాడు మాస్టరు ఠపీమని.

మెట్లు దిగాడు. సైకిళ్ళ షాపు దాటాడు. మందుల దుకాణం మలుపు తిరిగాడు. అక్కడ ఆయన కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

"తాతయ్యా, ఏంటి?" అంది పిచ్చుక ఆయన వేళ్ళు పట్టుకుని ఊపుతూ.

ముప్ఫై ఏళ్ళ కిందటి ఆరేళ్ళ కుర్రాడు ఒకడు గోడకి ఆనుకుని ఏడుస్తున్నాడు ఆయన కళ్ళ ముందు. గంజి పెట్టిన కొత్త చొక్కా. టైలర్ కొడుకు అంటే ఎలా ఉండాలో ఊరంతా చూడాలని కుట్టిన చొక్కా. వాడు దాన్ని నేల మీద పారేశాడు. మాస్టరు చేతిలో బల్ల మీది కొలబద్ద ఉంది.

"ఏం లేదమ్మా," అన్నాడు. "పద."

*

మధ్యాహ్నమంతా షాపు తలుపు సగం మూసే ఉంది. వచ్చినవాళ్ళని రేపు రమ్మన్నాడు మాస్టరు.

మిగిలిన యూనిఫాం గుడ్డని వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు పిండి, ఇస్త్రీ పెట్టెతోనే ఆరబెట్టాడు. ఆ గుడ్డతో మళ్ళీ గౌను కత్తిరించి, ఈసారి కాలరులో గట్టి గుడ్డ పెట్టలేదు. కుట్లన్నీ బయటికి తిప్పి, వాటి మీద ముదురు రంగు పట్టీ నడిపించాడు. ప్రతి కుట్టు దగ్గరా ఆగి లోపలి వైపు తడిమి చూశాడు. వేళ్ళు మొద్దుబారాయన్న సంగతి గుర్తొచ్చి, గుడ్డని బుగ్గకి రాసుకుని చూశాడు. రెండు చోట్ల నచ్చక విప్పి మళ్ళీ కుట్టాడు.

నాలుగున్నరకి కోడలు వచ్చేసరికి బొత్తాలు కుడుతున్నాడు. ఆమె చెప్పులు విప్పకుండానే గౌను చేతిలోకి తీసుకుని లోపలికీ బయటికీ తిప్పి చూసింది.

"పొద్దున కత్తెర విషయంలో..." అని మొదలుపెట్టింది.

"చెడగొడితే చెడగొట్టావు, వంకరగా కోస్తావేంటమ్మా? నలభై రెండేళ్ళు కాపాడుకున్నాను దాని పదును. ఈసారి కొయ్యాలంటే నన్నడుగు, గీత గీసిస్తాను."

కోడలి కళ్ళలో నీళ్ళూ, మూతి మీద నవ్వూ ఒకేసారి వచ్చాయి. మొహం అటు తిప్పేసుకుంది.

పిచ్చుకని బల్ల మీద కూర్చోబెట్టారు. ముందు గౌను లోపలికి చెయ్యి పోనిచ్చి, మూలమూలా తడిమింది. ఉయ్యాలమ్మ నేర్పింది అలా. తర్వాత బుగ్గకి ఆనించుకుంది. తర్వాత చేతులు పైకెత్తింది.

తలా, చేతులూ దూరాయి.

"కుట్లు ఎక్కడికెళ్ళాయి?" అంది పిచ్చుక.

"బయట కాపలా కాస్తున్నాయి," అన్నాడు మాస్టరు.

పిచ్చుక ఒంగి మొదటి బొత్తాం పెట్టుకుంది. రెండోది పెట్టుకుంది. మూడోది రెండుసార్లు జారి, మూడోసారికి దూరింది. నాలుగోది వద్దంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. బల్ల దిగి సుద్దముక్క తీసుకుని నేల మీద పడవ బొమ్మ గియ్యడం మొదలుపెట్టింది. కోడలు గోడ గడియారం వైపు చూసింది. ఆరు నిమిషాలు. తొమ్మిది. పన్నెండు. పడవకి పొగగొట్టం కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని కొడుకు వచ్చాడు.

గుమ్మంలో ఆగి, నేల మీద గౌనుతో కూర్చున్న కూతుర్ని చూశాడు. వాడి మొహం తెల్లబోయింది.

"వేసుకుందా?"

"మూడు బొత్తాలు తనే పెట్టుకుంది," అన్నాడు మాస్టరు పొంగిపోతూ.

"ఇవాళ వేసుకుందా!" కొడుకు గొంతు పెరిగింది. "నిన్న ఎందుకు వేసుకోలేదు? పొద్దున ఎందుకు వేసుకోలేదు? అంటే ఇన్నాళ్ళూ వేసుకోగలిగే ఉండి ఏడిపించిందా మనల్ని? నాటకమా?"

పిచ్చుక చేతిలో సుద్ద విరిగింది. పాకుకుంటూ బల్ల కిందికి వెళ్ళిపోయింది.

"నాటకమా?" అంది కోడలు. ఐదు రోజుల తర్వాత మొదటిసారి సూటిగా మొగుడి మొహంలోకి చూస్తూ అంది. "ఏం తెలుసు నీకు? నెలన్నరలో ఒక్కసారి వచ్చావా సెంటరుకి? దాని మెడ మీద గీతలు చూశావా? చూడవు. పిల్ల ఏడుస్తుంటే గేటు దాటి వెళ్ళిపోతావు. రోజూ అంతే. పెంచుతోంది నేనూ మామయ్యానా, లేక నువ్వు కూడా ఉన్నావా ఇంట్లో?"

"నేను పారిపోవడం లేదు."

"మరి?"

కొడుకు చేతిలో టిఫిన్ డబ్బా మూత ఊరికే తిప్పుతున్నాడు.

మాస్టరు దారం ఎక్కించిన సూదిని పక్కన పెట్టాడు. పొద్దున మలుపు దగ్గర ఆగినప్పటి నుంచి అడగాలనుకుంటున్న మాట ఒకటుంది.

"ఒరేయ్. నేను కుట్టిన చొక్కా నువ్వు తొడుక్కుని ఎన్నేళ్ళయింది?"

"ఇప్పుడదెందుకు నాన్నా?"

"చెప్పు."

"నాకు పెళ్ళైన రోజు. గంటన్నర."

"నన్ను నలుగురిలో చిన్నబుచ్చడానికే తొడుక్కోవడం లేదనుకున్నాను ఇన్నేళ్ళూ. టైలర్ కొడుకు మెడ సాగిన టీషర్టులు వేసుకుని తిరుగుతాడేంటని అందరూ అడిగేవాళ్ళు. తలెత్తుకోలేకపోయేవాణ్ణి." ఆగాడు. "గుచ్చుకునేదా?"

కోడలు మామగారి వైపూ, మొగుడి వైపూ మార్చి మార్చి చూసింది.

"అమ్మకి తెలుసు," అన్నాడు కొడుకు. "బడికి పంపేటప్పుడు చొక్కా తిరగేసి తొడిగేది. నువ్వు చూడకుండా మీద స్వెట్టరు వేసేది. ఎండాకాలంలో కూడా. చెమటకి తడిసిపోయేవాణ్ణి. అయినా అదే నయంగా ఉండేది. బళ్ళో అందరూ స్వెట్టరుగాడు అనేవాళ్ళు. ఐదేళ్ళు ఆ పేరే."

మాస్టరు బల్ల అంచు పట్టుకున్నాడు. "పోయేదాకా నాకెందుకు చెప్పలేదురా మీ అమ్మ?"

"నీ చేతిలో కొలబద్ద ఉండేది నాన్నా."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే మాస్టరుకి కాస్త తేలిగ్గా ఉండేది.

"తప్పు చేశానురా," అన్నాడు. అంత చిన్న మాట ఆయన నోట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. కొడుకు తల వంచుకున్నాడు.

బల్ల కింద నుంచి చిన్న గొంతు వచ్చింది. "నాన్నా, నీక్కూడా గుచ్చుకుంటుందా?"

కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని కిందికి వంగాడు. "గుచ్చుకుంటుందమ్మా."

"ఇప్పుడు కూడా?"

"ఇప్పుడు కూడా. మెడ దగ్గర. చంకల దగ్గర."

పిచ్చుక ఆలోచించింది. ఆ తర్వాత కొంచెం పక్కకి జరిగింది, ఇంకో మనిషికి చోటు చేస్తున్నట్టు. కొడుకు అంత పొడుగు ఒళ్ళూ ముడుచుకుని బల్ల కిందికి దూరాడు. బయటికి వాడి మడమలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఉయ్యాలమ్మ సంచీలో కూర్చుంటే తగ్గుతుంది," అంది లోపల పిచ్చుక. "నువ్వు పట్టవేమో మరి."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. నెమ్మదిగా బల్ల పక్కన నేల మీద కూర్చుని, మొగుడి మడమ మీద చెయ్యి వేసింది.

"ఉయ్యాలమ్మ ఒక నెల కావాలందట," అంది. "బడివాళ్ళని ఒక్క నెల అడుగుదాం. ఆవిడ రాసిస్తానందట. సోమవారం ఇద్దరం కలిసి వెళ్దాం."

ఆమె చేతి కింద మడమ బిగుసుకుంది.

"విన్నావా?"

"సోమవారం దాకా ఆగదు," అన్నాడు కొడుకు. బల్ల కింద నుంచి ఆ గొంతు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. "పొద్దున ఆ కాలరు చూశాక ఇక లాభం లేదనిపించింది. ప్రెస్సుకి వెళ్ళే దారిలో బడికెళ్ళాను. పేరు తీసెయ్యమని సంతకం పెట్టి ఇచ్చేశాను."

కోడలి చెయ్యి అతని మడమ మీద నుంచి జారిపోయింది.

"నన్ను అడక్కుండానా?"

"దాన్ని కూడా ఎవరో ఒక పేరు పెట్టి పిలుస్తారని... ఇంట్లో ఉంటే ఎవరూ నవ్వరని..." అతను బయటికి పాకుతూ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మొహం మీద సుద్ద పొడి అంటుకుని ఉంది. "ఇందాక దాన్ని గౌనులో చూడగానే నాకు మతిపోయింది. పొద్దున ఇచ్చొచ్చాను, సాయంత్రానికి తొడుక్కుంది. అందుకే అరిచాను. దాని మీద కాదు."

కోడలు అతని వైపు చూడలేదు. గడియారం వైపు చూసింది. ఐదూ పది. బడి ఆఫీసు ఐదున్నర దాకా ఉంటుంది.

ఆమె లేచి నిలబడింది. "నీ సంగతి ఇంటికొచ్చాక. నువ్వు ఇచ్చిన కాగితం నువ్వే వెనక్కి అడగాలి. ఎందుకు అడుగుతున్నావో కూడా నువ్వే చెప్పాలి. స్వెట్టరు సంగతి, అంతా. చెబుతావా?"

కొడుకు ముప్ఫై ఏళ్ళు ఎవరికీ చెప్పని మాటని ఒక ఆఫీసు గదిలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు చెప్పాలి. మాస్టరు వాడినే చూస్తున్నాడు. ఆరేళ్ళ కుర్రాడిని అప్పుడు చూడాల్సినట్టు చూస్తున్నాడు.

"చెబుతాను," అన్నాడు కొడుకు.

ఇద్దరూ దాదాపు పరుగెత్తుతూ గేటు దాటారు. గేటు వెయ్యడం కూడా మరిచిపోయారు.

పిచ్చుక బల్ల కింద నుంచి వచ్చి, తాత పక్కన నిలబడి రోడ్డు వైపు చూసింది. ఇంకా గౌను విప్పలేదు. ఆ సంగతి తాత గమనించాడు గానీ పైకి అనలేదు.

"వాళ్ళు ఇస్తారా తాతయ్యా కాగితం?"

"ఇవ్వక ఏం చేస్తారు?" అన్నాడు మాస్టరు. గొంతు గట్టిగానే ఉంది.

ఇంతలో లోపల ఫోను మోగింది. మాస్టరు వెళ్ళి ఎత్తాడు. ఆడగొంతు. బడి ఆఫీసు నుంచి.

"పాప తండ్రిగారున్నారాండీ? పొద్దున ఇచ్చిన కాగితం గురించి. ఆ సీటు వేరే పాపకి ఇచ్చేశాం. ఆ పాప వాళ్ళు ఇక్కడే, మా ముందే కూర్చుని ఉన్నారు. మీ పాప పుస్తకాలు ఎప్పుడు తీసుకెళతారో కనుక్కుందామని..."

మాస్టరు కిటికీలోంచి చూశాడు. కొడుకూ కోడలూ అప్పటికే మలుపు తిరిగిపోయారు.

"వాళ్ళు బయల్దేరారమ్మా," అన్నాడు. "ఐదు నిమిషాల్లో మీ ముందుంటారు. పుస్తకాల కోసం మాత్రం కాదు. వాళ్ళు వచ్చేదాకా ఆ సీటు కోసం ఇంకెవరి చేతా సంతకం పెట్టించకండి. ఇంకోమాట, తలుపు వేసెయ్యకండి. నేనూ పిల్లా కూడా వస్తున్నాం."

అవతల ఏదో అంటుండగానే ఫోను పెట్టేసి, పిచ్చుక వైపు తిరిగాడు. "చెప్పులు తొడుక్కో."

పిచ్చుక కదల్లేదు. ఒంటి మీది గౌనుని ఒకసారి చూసుకుంది. "దీంతోనే రావాలా?"

అది మాస్టరు చెప్పాల్సిన జవాబు కాదు. పిల్ల ముందు కూర్చుని ఆగాడు.

పిచ్చుక బొత్తాల మీద చెయ్యి వేసింది. మూడూ విప్పడానికో, నాలుగోది పెట్టుకోవడానికో ఆయనకి ఇంకా తెలియలేదు.